వదిలేయడం కోసమే పెంచడం

"ఇంటర్న్‌షిప్ ఎక్కడ?" అని అడిగితే "వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేషన్ సెంటర్‌లో" అని చెప్పగానే మా సీఎస్ఈ బ్యాచ్‌లో వచ్చే రెండో ప్రశ్న "అంటే జూనా?". మూడో ప్రశ్న "స్టైపెండ్ ఎంత?". స్టైపెండ్ సున్నా. జూనా కాదా అన్నదానికి మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పలేను, అందుకే ఈ వ్యాసం.

జూలో జంతువు జీవితాంతం ఉంటుంది, మనం టికెట్ కొని చూస్తాం. షెల్టర్‌లో కుక్కలు, పిల్లులు ఉంటాయి, ఎవరైనా వచ్చి దత్తత తీసుకుంటారు. రిహాబ్ సెంటర్ ఈ రెండూ కాదు. అది ఆసుపత్రికి దగ్గరగా ఉంటుంది. దెబ్బ తగిలిన జంతువో, తల్లి తప్పిపోయిన పిల్లో వస్తుంది. బాగవుతుంది. వచ్చిన చోటికి వెళ్లిపోతుంది. తెలుగులో దీన్ని పునరావాసం అంటారు. కానీ ఆ మాట వింటే మనకి ప్రాజెక్టుల కింద మునిగిపోయిన ఊళ్లు గుర్తొస్తాయి. అక్కడ పాత చోటు పోయి కొత్త చోటు వస్తుంది. ఇక్కడ పాత చోటికే తిరిగి పంపాలి. కష్టం అంతా అందులోనే ఉంది.

నేను పని చేసింది పోయిన ఎండాకాలం సెలవుల్లో, ఆరు వారాలు, మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు ఉన్న ఒక చిన్న కేంద్రంలో. పేరు కావాలనే రాయట్లేదు. అది చూడ్డానికి వెళ్లే చోటు కాదు. ఒక్కో కొత్త మనిషి మొహం కనిపించడం అక్కడి జంతువులకి ఒక్కో భయం. ఎందుకో కింద చెప్తా.

అడవి జంతువు అంటే పులి ఒక్కటే కాదు

వైల్డ్‌లైఫ్ అనగానే మనం నల్లమలలో పులిని ఊహించుకుంటాం. సెంటర్‌కి రోజూ వచ్చేవి వేరు. గద్దలు, గుడ్లగూబలు, రామచిలుకలు, ఉడుతలు, గబ్బిలాలు, ఉడుములు, జెర్రిపోతులు, నక్షత్ర తాబేళ్లు, అప్పుడప్పుడు నెమలి. అంటే మన హాస్టల్ చుట్టూ తిరిగేవే.

మన దేశంలో వీటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 2022లో దాన్ని సవరించారు. దీని ప్రకారం రామచిలుకని పంజరంలో పెట్టి పెంచడం నేరం. అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నా సరే నేరమే. దెబ్బ తగిలిన అడవి జంతువు మన చేతికి దొరికితే 48 గంటల్లోపు అటవీ శాఖకో, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో తెలియజేయాలి. ఎందుకంటే చట్టం దృష్టిలో అది ప్రభుత్వ ఆస్తి. కాబట్టి రిహాబ్ సెంటర్లు కూడా సొంతంగా నడవవు, అటవీ శాఖ అనుమతితో నడుస్తాయి. ప్రతి జంతువుకీ ఒక కేసు నంబర్, ఒక కాగితం ఉంటాయి. ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఏ దెబ్బ, ఎంత బరువు, చివరికి ఏమైంది. ఈ కాగితాల్ని ఎక్సెల్‌లోకి ఎక్కించడం నాకు ఇచ్చిన మొదటి పని. సీఎస్ఈ అని చెప్పినందుకు దొరికిన బహుమతి అది.

ఎందుకొస్తాయి

ఎక్సెల్‌లో "కారణం" అనే కాలమ్ నింపుతుంటే నాకు ఒక విషయం అర్థమైంది. దాదాపు ప్రతి వరుసలోనూ కారణం మనుషులే. అయితే చెడ్డ మనుషులు అని రాయలేం. చాలావరకు మామూలు మనుషులు.

మొదటిది మాంజా. నైలాన్ దారానికి గాజుపొడి పట్టించిన, మనం చైనా మాంజా అని పిలిచే దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. అయినా దొరుకుతుంది. పండగ అయిపోయినా దారం చెట్ల మీదే ఉంటుంది. నూలు దారమైతే వానకి, ఎండకి కుళ్లిపోతుంది, నైలాన్ కుళ్లదు. అందుకే సంక్రాంతి జనవరిలో అయితే మాంజా కోసిన గద్ద మే నెలలో కూడా రావచ్చు. గద్ద భుజం నుంచి మణికట్టు దాకా ఒక పల్చటి చర్మం సాగదీసి ఉంటుంది. రెక్క ముందు అంచు అదే. దారం సరిగ్గా అక్కడే కోస్తుంది. కుట్లు వేస్తే గాయం మానుతుంది, కానీ మచ్చ బిగుసుకుపోతే రెక్క పూర్తిగా విప్పుకోదు. ఢిల్లీలో ఇలాంటి గద్దలకి వైద్యం చేసే అన్నదమ్ముల మీద 'ఆల్ దట్ బ్రీత్స్' అనే డాక్యుమెంటరీ 2022లో వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. చూడకపోతే చూడండి.

రెండోది పొలాల మీద వలలు. చేవెళ్ల చుట్టుపక్కల కూరగాయలు, పూలు బాగా పండిస్తారు. పంట కాపాడుకోవడానికి రైతు వల కడతాడు, అందులో పక్షి, పాము చిక్కుకుంటాయి. మూడోది రోడ్డు. నాలుగోది గోడలేని బావులు.

ఐదోది పండగలు. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని నమ్మకం. ఒకప్పుడు జనం పొలం గట్ల దాకా నడిచి వెళ్లి చూసేవాళ్లు. ఇప్పుడు పాలపిట్టనే పంజరంలో పెట్టి మన దగ్గరికి తెచ్చి, చూపించినందుకు డబ్బులు తీసుకునేవాళ్లు ఉన్నారు. ఎగిరిపోకుండా ఈకలు కత్తిరిస్తారు. నాగుల పంచమికి పాముల కోరలు పీకి, నోరు కుట్టేసి తిప్పుతారు. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గుడ్లగూబల్ని పట్టి అమ్ముతారు. ఇవన్నీ భక్తి, భయం పేరుతో జరిగేవే.

ఆరోది, నాకు అన్నిటికంటే కొత్తగా అనిపించింది, "దయ". దీని గురించి వివరంగా చెప్పాలి.

కాపాడామనుకుని ఎత్తుకొచ్చేయడం

చెట్టు కింద ఈకలు సగం వచ్చిన పిట్ట పిల్ల గెంతుతూ కనిపిస్తుంది. ఎగరలేకపోతోంది. "అయ్యో, గూట్లోంచి పడిపోయింది" అని ఇంటికి తెచ్చుకుంటాం. నిజానికి చాలా పక్షి పిల్లలు ఎగరడం పూర్తిగా రాకముందే గూడు వదిలేస్తాయి. కొన్ని రోజులు నేల మీద, పొదల్లో తిరుగుతూ నేర్చుకుంటాయి. తల్లీతండ్రీ పక్కనే ఉండి తిండి పెడుతుంటాయి. మనం నిలబడి ఉన్నాం కాబట్టి దగ్గరికి రావు. మనం ఆ పిల్లని ఎత్తుకున్నామంటే కాపాడినట్టు కాదు, కిడ్నాప్ చేసినట్టు.

"మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరకు రానివ్వదు" అని చిన్నప్పటి నుంచీ వింటాం కదా. పక్షుల విషయంలో అది నిజం కాదు. ఈకలు రాని పిల్ల కింద పడితే, గూడు అందేలా ఉంటే, తీసి మళ్లీ గూట్లో పెట్టొచ్చు. తల్లి వస్తుంది.

పొలాల్లో కూడా ఇంతే. పంట కోసేటప్పుడు అడవిపిల్లి కూనలు దొరుకుతాయి. తల్లి తిండి కోసం వెళ్లి ఉంటుంది, చీకటి పడ్డాక తిరిగొస్తుంది. కూనల్ని అక్కడే వదిలేసి మనం దూరంగా జరిగితే చాలు. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చెరకు తోటల్లో దొరికిన చిరుత కూనల్ని ఇలాగే అదే చోట పెట్టి తల్లితో కలుపుతున్నారు. రిహాబ్ సెంటర్ చేసే అన్నిటికంటే మంచి రిహాబ్ ఏంటంటే, ఆ జంతువు సెంటర్‌కి రాకుండా చూడటం. ఫోన్‌లోనే "తెచ్చిన చోటే పెట్టేయండి, దూరం నుంచి చూడండి" అని చెప్పడం రోజూ జరిగే పని.

మొదటి గంట: ఏమీ చేయకపోవడం

జంతువు వచ్చాక మొదటి పని వైద్యం అనుకున్నా. కాదు. ముందు దాన్ని గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా ఉన్న, చప్పుడు లేని గదిలో ఉంచుతారు. రక్తం కారుతుంటే ఆపుతారు. అంతకు మించి కొంతసేపు ఏమీ చేయరు.

దీనికి కారణం ఉంది. మనం కుక్కని నిమిరితే అది శాంతిస్తుంది. అడవి జంతువుని నిమిరితే, అది "నన్ను పట్టుకున్న జంతువు ఇప్పుడు తినబోతోంది" అనుకుంటుంది. కదలకుండా ఉందంటే ప్రేమ అర్థమైందని కాదు, భయంతో బిగుసుకుపోయిందని. జింకల్లో ఇది ఇంకా ప్రమాదం. తరిమి పట్టుకున్నప్పుడు, కట్టేసినప్పుడు కండరాలు శక్తికి మించి పని చేసి దెబ్బతింటాయి. ఆ కండరాల నుంచి విడుదలైన పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలని పాడు చేస్తుంది. ఒంటి మీద ఒక్క గాయం లేకుండానే జింక గంటల్లోనో, కొన్ని రోజుల తర్వాతో చనిపోవచ్చు. దీన్ని క్యాప్చర్ మయోపతీ అంటారు. కుక్కల నుంచి కాపాడిన జింక చుట్టూ గుమిగూడి సెల్ఫీలు తీసుకోవడం అంటే అదే పనిని ఇంకో రకంగా కొనసాగించడం.

తిండీ నీళ్లూ కూడా వెంటనే పెట్టరు. పక్షికి గాలి వెళ్లే దారి నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. మనం నోరు తెరిచి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చాలా పక్షులు దెబ్బ వల్ల కాదు, ఆ స్పూన్ నీళ్ల వల్ల చనిపోతాయి. పాలు అసలే వద్దు. పక్షులు పాలు జీర్ణం చేసుకోలేవు. పాము పాలు తాగదు. రోజుల తరబడి నీళ్లు లేకుండా ఉంచితే దాహంతో ఏది పెట్టినా తాగుతుంది, దాన్నే మనం భక్తి అనుకుంటాం.

మందులు కూడా మనుషులవి వేయకూడదు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పశువులకి వాడితే, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై లక్షల్లో చనిపోయాయి. 2004లో కారణం కనుక్కున్నారు, 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని మన దేశం నిషేధించింది. ఆవుకి నొప్పి తగ్గించిన మందు రాబందుకి విషం. కాబట్టి "డోలో సగం వేశాను" అని ఎవరైనా చెప్తే మా డాక్టర్ గారు ఏమీ అనరు కానీ మొహంలో తెలిసిపోతుంది.

గ్రాముల లెక్క

ఇంటర్న్ ఏం చేస్తాడు అంటే, జంతువుల్ని ముట్టుకోడు. ముందే చెప్పేస్తున్నా, ఎవరూ ఆశ పెట్టుకోవద్దు. బోన్లు కడగడం, పేపర్లు మార్చడం, తిండి కోయడం, తూకం రాయడం. నేను ఆరు వారాల్లో ఎక్కువసేపు గడిపింది డిజిటల్ త్రాసుతో, కత్తిపీటతో.

బరువు ఎందుకంత ముఖ్యమంటే, పక్షికి రోగం వచ్చినా పైకి కనపడనివ్వదు. నీరసంగా కనిపిస్తే వేటాడే జంతువు ముందు దాన్నే పట్టుకుంటుంది కాబట్టి చివరి నిమిషం దాకా బాగున్నట్టే నిలబడుతుంది. కళ్లకి కనపడనిది త్రాసుకి కనపడుతుంది. రోజూ ఒకే టైమ్‌కి, తిండి పెట్టకముందు తూచాలి. నేను ప్రతి పక్షికీ ఒక గ్రాఫ్ వచ్చేలా షీట్ తయారు చేశా. వరసగా రెండు రోజులు బరువు తగ్గితే ఆ గడి ఎర్రగా మారుతుంది. పెద్ద ప్రోగ్రామింగ్ ఏమీ కాదు, ఒక్క ఫార్ములా. కానీ పొద్దున్నే డాక్టర్ గారు వచ్చి ముందు ఎర్ర గడులు ఎక్కడున్నాయో చూసేవారు. సెమిస్టర్ ల్యాబ్‌లో నేను రాసిన ఏ కోడ్‌నీ ఎవరూ అలా ఎదురుచూసి చూడలేదు.

తిండి కూడా లెక్కే. ఒకరు గద్ద పిల్లని ఇంట్లో పెంచి, పెద్దయ్యాక తెచ్చారు. ప్రేమగా బోన్‌లెస్ చికెన్ పెట్టారట. అడవిలో గద్ద ఎలుకని మొత్తంగా తింటుంది, ఎముకలతో సహా. ఆ ఎముకల్లోనే కాల్షియం ఉంటుంది. ఉత్త మాంసం తిని పెరిగిన పిల్లకి కాళ్ల ఎముకలు మెత్తబడి వంగిపోయాయి. బిర్యానీకి బోన్‌లెస్ మంచిదేమో, గద్దకి కాదు.

ముద్దు చేయకూడదు

ఇది అన్నిటికంటే కష్టమైన రూల్. పిల్లగా వచ్చిన జంతువు తనకి మొదట తిండి పెట్టినవాళ్లని చూసి "నేను కూడా ఇలాంటిదాన్నే" అనుకునే ప్రమాదం ఉంది. దీన్ని ఇంప్రింటింగ్ అంటారు. కొన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త బాతు జాతి పక్షుల మీద దీన్ని వివరంగా పరిశీలించాడు. గుడ్డులోంచి రాగానే ఆయన్ని చూసిన పిల్లలు ఆయన వెనకే తల్లి వెనక నడిచినట్టు నడిచేవి. 1973లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఫొటోలు చూస్తే ముద్దుగా ఉంటాయి. కానీ అలా పెరిగిన పక్షి పెద్దయ్యాక తన జాతితో జత కట్టలేదు, మనిషిని చూసి పారిపోదు. మనిషిని చూసి పారిపోని అడవి జంతువు ఎన్నాళ్లు బతుకుతుంది?

అమెరికాలో కాలిఫోర్నియా కాండార్ అనే రాబందు జాతి 1987కి 27 పక్షులకి పడిపోయింది. వాటిని పట్టి, పిల్లల్ని పెంచేటప్పుడు మనిషి కనపడకుండా కాండార్ తలలా ఉన్న చేతి బొమ్మతో తిండి పెట్టారు. అలా పెంచి వదిలిన వంశాలే ఇప్పుడు ఆకాశంలో ఉన్నాయి. మా సెంటర్‌లో అంత బొమ్మలు లేవు. మొహానికి గుడ్డ, చేతికి గ్లవ్, నోటికి తాళం. ఒకే జాతి పిల్లలు రెండుంటే కలిపి పెట్టడం. పేర్లు పెట్టకపోవడం, కేసు నంబర్ చాలు.

వంట, శుభ్రం చూసుకునే ఒక పెద్దమ్మ అక్కడ ఉండేది. నేను స్పాటెడ్ ఔలెట్ అని రాసుకున్న చిన్న గుడ్లగూబని ఆమె పైడికంటి అనేది. ఇంగ్లిష్ మీడియం నాకు, ఆ పేరు అప్పటిదాకా తెలీదు. ఆమె ఊళ్లో దాన్ని చూస్తే చెడు శకునం. ఆమే రోజూ దాని బోను కడిగేది. నేను బోను దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడితే, "పొయ్యేదాన్ని గంత ముద్దుగ చూడకు బిడ్డా, దానికి మనం యాదికుండొద్దు" అనేది. నేను చదివిన ఇంప్రింటింగ్ వ్యాసాలన్నీ ఆ ఒక్క వాక్యమే.

రామచిలుకల బోను దగ్గర ఈ రూల్ అర్థం ఇంకా బాగా తెలుస్తుంది. ఇళ్లల్లో ఏళ్లు గడిపి వచ్చినవి అవి. ఒకటి నన్ను చూసి "ఏం చేస్తున్నవ్?" అని అడుగుతుంది. విన్నవాళ్లు నవ్వుతారు. డాక్టర్ గారు మాత్రం నవ్వరు. మాటలు నేర్చుకుంది కానీ గద్ద వస్తే ఏం చేయాలో నేర్చుకోలేదు. ఏ పండు ఏ చెట్టు మీద దొరుకుతుందో తెలీదు. దాన్ని తలుపు తీసి వదిలేస్తే స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు, చంపినట్టు. అలాంటివాటిని మిగతా చిలుకలతో గుంపులో కలిపి, నెలల తరబడి అడవి చిలుకలా మారుస్తారు. అన్నీ మారవు.

వదలాలా వద్దా

రెక్క విరిగిన పక్షి విషయంలో గడియారం చాలా వేగంగా తిరుగుతుంది. పక్షి ఎముక మనిషి ఎముక కంటే తొందరగా, మూడు వారాల్లోనే అతుక్కోగలదు. ఇది వరమూ, శాపమూ. సరిగ్గా కట్టు కడితే తొందరగా బాగవుతుంది. కట్టకపోతే వంకరగా అంతే తొందరగా అతుక్కుపోతుంది. కట్టు ఎక్కువ రోజులుంచితే కీలు బిగుసుకుపోతుంది.

నేనున్నప్పుడు వచ్చిన ఒక గద్దకి మోచేయి దగ్గరే ఎముక విరిగింది. దొరికినవాళ్లు మంచివాళ్లు, పసుపు రాసి, కట్టు కట్టి, వారం రోజులు ఇంట్లో ఉంచుకున్నారు. తెచ్చేసరికి కీలు కదలట్లేదు. ఎక్స్‌రే చూసి డాక్టర్ గారు చాలాసేపు మాట్లాడలేదు. ఎగరలేని గద్దకి రెండే దారులు. జీవితాంతం బోనులో ఉంచడం, లేదా నొప్పి లేకుండా ప్రాణం తీయడం. ఆకాశంలో గంటల తరబడి రెక్క ఆడించకుండా తేలే పక్షిని ఆరడుగుల బోనులో పదేళ్లు ఉంచడం దయేనా? అందులోనూ ఆ బోను ఖాళీ లేకపోతే రేపు బతకగలిగిన ఇంకో పక్షికి చోటు ఉండదు. ఈ నిర్ణయం ఒక్క డాక్టర్‌దే కాదు, అటవీ శాఖ అనుమతి కావాలి. రెండు రోజుల తర్వాత కాగితం వచ్చింది. ఎక్సెల్‌లో "ఫలితం" కాలమ్‌లో ఆ మాట నేనే టైప్ చేశా. ఆ వరుసలో మిగతా గడులన్నీ బాగానే ఉన్నాయి. బరువు కూడా పెరిగింది.

ఇంకో కేసు పాలపిట్ట. 2024 దసరాకి పట్టుకున్నది, ఈకలు కత్తిరించి ఉన్నాయి. పక్షి ఈక మన గోరు లాంటిది, కాకపోతే కత్తిరిస్తే వెంటనే పెరగదు. ఆ మొండెం ఊడిపోయి కొత్త ఈక రావాలంటే ఏడాదికోసారి వచ్చే ఈకల మార్పు దాకా ఆగాలి. దీనికి ఒక పాత పద్ధతి ఉంది. డేగలతో వేటాడే కాలం నుంచీ వస్తున్నది. రాలిపోయిన ఈకని తెచ్చి, వెదురు పుల్లని ఒక చివర దాని బోలులో, రెండో చివర కత్తిరించిన ఈక మొండెంలో దూర్చి జిగురుతో అతికిస్తారు. దీన్ని ఇంపింగ్ అంటారు. కానీ అదే జాతి, అదే వైపు రెక్క, అదే వరస నంబర్ ఈక కావాలి. కుడి చెప్పు ఎడమ కాలికి పట్టనట్టే. సరిపడా ఈకలు దొరకలేదు కాబట్టి ఆ పిట్ట ఎదురుచూసింది. నా ఇంటర్న్‌షిప్ అయిపోయేదాకా అక్కడే ఉంది. వానాకాలంలో కొత్త ఈకలు వచ్చాయి, పెద్ద బోనులో ఎగిరి పురుగుల్ని పట్టడం మొదలుపెట్టింది. అయినా 2025 దసరా దాటాకే వదిలారు. పండగ ముందు వదిలితే మళ్లీ ఎవరో ఒకరు వల పన్నుతారు కదా.

ఎక్కడ వదలాలి

ఇక్కడికి వచ్చేసరికి పని సెంటర్ గోడ దాటిపోతుంది. పామునైతే పట్టిన చోటికి దగ్గర్లోనే వదలాలి. దానికి తన బొరియలు, తన దారులు తెలుసు. పది కిలోమీటర్ల అవతల అడవిలో వదిలితే మనకి తృప్తి, దానికి తెలియని ఊరు. నక్షత్ర తాబేలుని ఎక్కడ పడితే అక్కడ వదలకూడదు. ఇంట్లో పెరిగినది తెచ్చే రోగం అక్కడున్నవాటికి అంటుకోవచ్చు. దాని అక్రమ రవాణా ఎంతుందంటే 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలోకి చేర్చారు. అస్సాంలో కాజీరంగా దగ్గర 2002లో మొదలైన రిహాబ్ సెంటర్ వరదల్లో తల్లి తప్పిపోయిన ఖడ్గమృగం పిల్లల్ని పెంచి, మానస్ నేషనల్ పార్క్‌లో వదిలింది. వాళ్లకి వదలడానికి మానస్ ఉంది.

మనకేముంది? చిలుకూరు దగ్గర మృగవని నేషనల్ పార్క్ ఉంది, 1994 నుంచి. సుమారు 3.6 చదరపు కిలోమీటర్లు. గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల చుట్టూ 84 ఊళ్లలో నిర్మాణాల మీద 1996లో వచ్చిన జీవో 111 ఆంక్షలు పెట్టింది. అది నీళ్ల కోసం చేసినది, కానీ పాతికేళ్లు పొలాలు, గట్లు, తుప్పలు మిగిలాయి. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు అందులోవే. 2022లో ఆ ఆంక్షల్ని సడలిస్తూ జీవో 69 వచ్చింది. చేవెళ్ల బస్సెక్కితే కిటికీలోంచి కనపడే వెంచర్ బోర్డులు మీరే లెక్కపెట్టుకోండి.

తర్వాత మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు పక్కన సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. మర్రిపండు గోరింకలకి, కోయిలలకి, గబ్బిలాలకి తిండి. పాత మర్రి తొర్రల్లో పైడికంటి గూడు పెడుతుంది. కొత్తగా నాటిన మొక్కకి తొర్ర ఉండదు, అది రావడానికి దశాబ్దాలు పడుతుంది. రోడ్డు వెడల్పులో ఈ చెట్లు ఉండాలా పోవాలా అని ఏళ్లుగా కేసు నడిచింది. ఇందులో తేలిక జవాబు లేదు. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర టిప్పర్ ఆర్టీసీ బస్సుని గుద్దింది, 19 మంది చనిపోయారు. మనం ఎక్కే రూట్‌లోనే. రోడ్డు బాగుండాలని అడిగేవాళ్లని చెట్ల శత్రువులు అనలేం. చెట్లు ఉండాలని అడిగేవాళ్లని మనుషుల శత్రువులూ అనలేం. చెట్లని మధ్యలో ఉంచి రెండు పక్కలా రోడ్డు వేయడం లాంటి ఇంజనీరింగ్ దారులు వెతకాల్సింది ఎవరు? సివిల్ బ్రాంచ్ మిత్రులారా, మిమ్మల్నే.

నా షీట్‌లో "విడుదల" అని రాశాక ఆ వరుసలో ఇంకేం రాయడానికి ఉండదు. అది బతికిందో లేదో మనకి తెలీదు. బతకడానికి బయట చోటు ఉందో లేదో మాత్రం చూడగలం.

మనం చేయగలిగింది

క్యాంపస్‌లో దెబ్బ తగిలిన పక్షి కనిపిస్తే, మూతకి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, దాని మీద ఇంకో గుడ్డ కప్పి పట్టుకుని లోపల పెట్టండి. మూత వేయండి. తిండి, నీళ్లు, పాలు, మందు, సెల్ఫీ వద్దు. ఆ రోజే అటవీ శాఖకి గానీ, రెస్క్యూ వాళ్లకి గానీ అప్పగించండి, "రేపు చూద్దాం" అనొద్దు. ఎక్కడ దొరికిందో లొకేషన్ పంపండి, తిరిగి వదలడానికి అదే కావాలి. హాస్టల్లో పాము వస్తే దూరంగా నిలబడి, ఎటు వెళ్లిందో చూస్తూ ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి శిక్షణ ఉన్నవాళ్లని పిలవండి. యూట్యూబ్ చూసి పట్టడానికి వెళ్లొద్దు.

సంక్రాంతి వస్తోంది. సెలవుల నుంచి తిరిగొచ్చిన మొదటి ఆదివారం, క్యాంపస్ చెట్ల మీద, ల్యాంప్ స్తంభాల మీద వేలాడే మాంజా తీద్దామని కొందరం అనుకున్నాం. పొడవాటి కర్రలు హాస్టల్ వాచ్‌మన్ అన్న ఇస్తానన్నాడు. గ్లవ్స్ మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. పొద్దున ఏడింటికి క్యాంటీన్ దగ్గర కలుద్దాం.